డెల్టా నేలకు తగిన హరిత క్రీడాప్రాంగణం: కోనసీమ పర్యటన

స్థలం ఎంపిక మొదలు నీరు, విద్యుత్తు, సామగ్రి, వ్యర్థాల వరకు ప్రతి నిర్ణయాన్నీ ఒక స్వతంత్ర సంస్థ పరిశీలించి, పాయింట్లు వేసి స్థాయిని ప్రకటించడమే హరిత ధ్రువీకరణ. అమెరికాలో రూపొందిన ‘లీడ్’ విధానంలో 110 పాయింట్లకు 80 వస్తే అత్యున్నతమైన ప్లాటినం స్థాయి లభిస్తుంది. మన దేశంలో హైదరాబాద్ కేంద్రంగా 2001లో ఏర్పడిన భారత హరిత భవన మండలి, ‘టెరి’ సంస్థ రూపొందించిన ‘గృహ’ విధానం ఇదే పని చేస్తున్నాయి. 2004 జులై 14న నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం హైదరాబాద్‌లో ప్రారంభించిన సి.ఐ.ఐ. గోద్రెజ్ కేంద్రం అమెరికా వెలుపల ప్లాటినం పొందిన తొలి భవనంగా నిలిచింది. ఈ నియమాలు క్రీడాప్రాంగణాలకూ వర్తిస్తాయి కనుక, గోదావరి పాయల మధ్య ఉన్న కోనసీమలో అటువంటి ప్రాంగణం కట్టాలంటే ఏమేమి పట్టించుకోవాలో తెలుసుకోవడం ఈ పర్యటన ఉద్దేశం.

రావులపాలెం నుంచి కొత్తపేట మీదుగా అమలాపురం వెళ్లే దారిలో కాలువ మెరకనా, చేను పల్లానా, కొబ్బరితోట గట్టుమీదా కనిపిస్తాయి. కాలువ తెచ్చిన నీరు చేలను తడిపి, మురుగు కాలువల ద్వారా సముద్రానికి చేరాలి. ఆ దారి ఎక్కడ పూడినా పంట మునుగుతుంది. 2011లో ఇక్కడి రైతులు పంట విరామం (సాగు నిలిపివేత) ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర లేకపోవడంతో పాటు ముంపు బాధను కూడా కారణంగా చెప్పారు. స్టేడియానికి ఎకరాల కొద్దీ సమతల నేల కావాలి కనుక పల్లపు చేనును మట్టి తోలి మెరక చేయడమే సులువైన మార్గంగా తోస్తుంది, కానీ అలా చేస్తే అక్కడ నిలవవలసిన నీరు పక్క చేలమీదికి మళ్లుతుంది. అందువల్ల ఇక్కడ స్థలం ఎంపికే మొదటి పరీక్ష.

పి.గన్నవరం వద్ద వైనతేయ పాయను దాటించి రాజోలు వైపు లంక భూములకు కాలువ నీరు అందించే అక్విడక్టు ఈ ముంపు చిక్కుకు ఒక సమాధానం సూచిస్తుంది. 19వ శతాబ్ది మధ్యలో కట్టిన పాత కట్టడం స్థానంలో నేడు డొక్కా సీతమ్మ పేరిట కొత్తది ఉన్నా, సూత్రం మారలేదు: కట్టడం స్తంభాలమీద నిలిచి, కింద నదిని నదిగానే సాగనిస్తుంది. ప్రేక్షకుల గ్యాలరీలను స్తంభాలమీద లేపి, ఆటస్థలం చుట్టూ చెరువులు తవ్వి, వాననీటిని నిలిపి మెల్లగా మురుగు కాలువకు వదిలే పద్ధతి ఈ నేలకు తగినది. 2017లో ప్రారంభమైన అట్లాంటాలోని మెర్సిడెస్ బెంజ్ స్టేడియం ప్లాటినం సాధించడంలో, సుమారు 25 లక్షల లీటర్ల వాననీటిని పట్టి ఉంచే తొట్టికి కూడా భాగముంది.

సామగ్రి విషయంలో అంబాజీపేట పరిసరాల్లోని కొబ్బరి పీచు పరిశ్రమ ఎంతో నేర్పుతుంది. ఒలుపు కార్మికులు కాయను వేరు చేశాక మిగిలిన డొక్కలను యంత్రంలో చీల్చి, పీచును ఒకవైపు, పొట్టును మరొకవైపు రాబడతారు. పీచుతో నేసిన వలవంటి వస్త్రాన్ని భూవస్త్రం అంటారు; గట్టుమీద పరిస్తే గడ్డి వేళ్లూనే వరకు మట్టి జారకుండా కాపాడి, తర్వాత తానే మట్టిలో కలిసిపోతుంది. 2020లో కేంద్రం గ్రామీణ రహదారుల నిర్మాణంలో దీని వాడకానికి అనుమతిస్తూ ఆంధ్రప్రదేశ్‌కు 164 కిలోమీటర్లు కేటాయించింది. పొట్టుకు తడిని పట్టి ఉంచే గుణం ఉంది; పీచు మైదానంలోనూ పనికొస్తుంది. కృత్రిమ పచ్చిక పోగుల మధ్య సాధారణంగా పాత టైర్ల రబ్బరు గుళికలు నింపుతారు; అవి సూక్ష్మ ప్లాస్టిక్‌గా నేలలోకీ నీటిలోకీ చేరుతున్నందున యూరోపియన్ యూనియన్ 2031 అక్టోబరు తర్వాత వాటి అమ్మకాన్ని నిషేధించింది. ప్రత్యామ్నాయంగా కార్కుతో కలిపి కొబ్బరి పీచును నింపే పద్ధతి ఇప్పటికే వాడుకలో ఉంది. తన తోటల్లో మిగిలే డొక్కకు ఇంత విలువ ఉన్నప్పుడు, కోనసీమ తన మైదానానికి దూరదేశపు రబ్బరును తెచ్చుకోవలసిన అవసరం లేదు.

అమలాపురం బ్యాడ్మింటన్ క్రీడాకారుడు సాత్విక్ సాయిరాజ్ 2023లో జరిగిన ఆసియా క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి డబుల్స్ స్వర్ణం గెలిచాడు. అతనిలా ఎదగాలనుకునే పిల్లలకు కావలసిన ఇండోర్ హాలులో ఒక చిక్కు ఉంది: ఉక్క తగ్గాలంటే గాలి ఆడాలి, గాలి కోర్టుమీదికి వీస్తే షటిల్ దారి తప్పుతుంది. గాలి ఆట జరిగే ఎత్తుకు తగలకుండా నేలకు దగ్గరగా జాలీల గుండా నెమ్మదిగా వచ్చి, వేడెక్కి, కప్పు శిఖరాన ఉన్న తెరపుల గుండా పోయేలా నిర్మిస్తే విద్యుత్తు ఖర్చు కూడా తగ్గుతుంది.

1996 నవంబరు తుపాను చవిచూసిన ఈ తీరంలో కప్పు బలం కూడా పర్యావరణ విషయమే, ఎందుకంటే ఎగిరిపోయిన కప్పును మళ్లీ కట్టడమంటే అంత ఉక్కును మళ్లీ తయారు చేయడమే. గాలి ఒత్తిడిపై 2015 నాటి భారత ప్రమాణం తుపాను ఆశ్రయాలకు గాలి వేగాన్ని 1.30 రెట్లుగా లెక్కించమంటుంది. ఆ లెక్కన కట్టిన ప్రాంగణం ఆట లేని రోజుల్లో ఊరికి ఆశ్రయం కాగలదు.

కాబట్టి కోనసీమలో పాయింట్ల పట్టిక తెరవడానికి ముందే రైతులను, మురుగునీటి పారుదల ఇంజినీర్లను, పీచు కార్మికులను సంప్రదించాలి. పక్క చేను మునగకుండా, స్థానిక పరిశ్రమకు పని దక్కేలా కట్టిన ప్రాంగణానికి మాత్రమే హరిత ధ్రువపత్రం నిజమైన గౌరవమవుతుంది.