ప్రమాదం జరిగిన వెంటనే డ్రైవరు చేయవలసినది

ఎందరో ప్రమాద బాధితులకు చికిత్స చేసిన నేను, ఒక సాయంత్రం స్వయంగా ప్రమాదానికి కారకుణ్ణయ్యాను. ఊరి పొలిమేరలో నా కారు తగిలి, సైకిలుపై వెళుతున్న ఒక పెద్దాయన రోడ్డుపై పడిపోయాడు. సిగ్గుతోనే ఒప్పుకుంటున్నాను: జనం చేరేలోగా వెళ్ళిపోదామన్నదే నాకు కలిగిన తొలి ఆలోచన.

అయినా ఆగాను. ఇంజను ఆపి, హెచ్చరిక దీపాలు వేసి దిగాను. ఆయన కాలి గాయం నుండి రక్తం ధారగా కారుతోంది. శుభ్రమైన తువ్వాలు మడిచి గాయంపై గట్టిగా అదిమి పట్టాను. ఎవరో నీళ్ళు తాగించబోయారు, వద్దన్నాను. శస్త్రచికిత్సకు మత్తు ఇవ్వవలసివస్తే కడుపులోని నీరు ఊపిరితిత్తులలోకి చేరే ప్రమాదముంది. మరొకరు లేపి కూర్చోబెట్టబోయారు. మెడ, వెన్నెముకలకు దెబ్బ తగిలి ఉంటే ఆ కదలికతోనే కాళ్ళూ చేతులూ చచ్చుబడవచ్చునని వారించాను. 108 వాహనం వచ్చేవరకు చేయి తీయలేదు. ఆయన బతికాడు.

ఆ రాత్రే పోలీసుస్టేషనుకు వెళ్ళి జరిగినది జరిగినట్లు చెప్పాను. క్షతగాత్రునికి వైద్యం అందేలా చూడడం డ్రైవరు బాధ్యతని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను చెబుతోంది. జనాగ్రహం వల్ల అక్కడ నిలవలేని పరిస్థితినీ అది గుర్తించింది. అప్పుడైనా సరే, 24 గంటలలోగా పోలీసులకు తెలియజేయవలసిందే.

ఒకవేళ ప్రాణభయంతో తప్పుకోవలసివస్తే, కొంచెం దూరం వెళ్ళగానే ఆగి 108కి ఫోను చేయండి. రోడ్డుపై పడి ఉన్న మనిషికి ప్రతి నిమిషమూ విలువైనదే.