పాదములను చూచుకొనుడి

మన చల్లపల్లి చేలలో చెప్పులతో దిగువారెందరు? కోత యైన మడిలో మా పొరుగు రైతు అరికాలిలో వరి కొయ్యకాలు దిగెను. ఆయనకు మధుమేహము. నొప్పి లేదు గనుక గాయమే లేదనుకొనెను. తుదకు బొటనవ్రేలు తీయవలసి వచ్చెను.

రక్తములో చక్కెర యేండ్ల తరబడి హెచ్చుగా నున్నయెడల పాదముల నరములు మొద్దుబారును, రక్తప్రసారము తగ్గును, పుండు త్వరగా మానదు. పరగడుపు పరీక్షలో చక్కెర 126 గాని అంతకు మించి గాని రెండుసార్లు కనబడినచో అది మధుమేహమే. మాత్రల మాట, అన్నము తగ్గించుకొను మాట అందరును ఎరుగుదురు. పాదముల సంగతి ఎవరడుగుదురు?

నాకును ఈ వ్యాధి యున్నది. రాత్రి పరుండబోవుముందు దీపపు వెలుగున అరికాళ్లు, వ్రేళ్ల సందులు చూచుకొందును. వంగలేను గనుక అద్దము నేలనుంచి చూతును, నా చూపు ఆననిచోట మనుమరాలు చూచును (దానికిది ఆట!). వ్రేళ్ల సందుల తడిని పొడిగుడ్డతో అద్దుదును. ఆనెలను బ్లేడుతో చెక్కను. నీళ్ల వేడి పాదమునకు తెలియదు గనుక ముందు మోచేయి ముంచి చూతును.

మందిరపు మెట్లయొద్ద చెప్పులు విడుచుట మన మర్యాద. అయితే మే నెల ఆదివారము ఆరాధన ముగియు వేళకు ఆ రాళ్లు కాలుచుండును; మొద్దుబారిన పాదమునకు ఆ కాక తెలియదు. సంఘపెద్దలారా, ఇట్టివారి చెప్పులను లోపలి గుమ్మము వరకు రానియ్యుడి. బొబ్బ లేచినచో పసుపు పెట్టి ఊరకుండక, మరునాడే వైద్యునికి చూపుడి.