నారి వదిలే వేళ

2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన విజయవాడ యువకుడు బొమ్మదేవర ధీరజ్, అంకితా భకత్‌తో కలిసి మిశ్రమ జట్టు పోటీలో నాలుగో స్థానం దాకా వెళ్ళినప్పుడు మావాడు టీవీ ముందునుంచి కదలలేదు. అటువంటివాడు గత వేసవిలో ఒకనాటి సాయంత్రం విల్లు విప్పి సంచిలో పెట్టేసి, "రేపటినుంచి నేను రాను నాన్నా" అన్నాడు.

కారణం నాకు తెలుసు. అది నేనే.

నారి వదిలే క్షణంలో వాడి కుడిచెయ్యి చెంపను విడిచి పక్కకు ఎగిరేది. బాణాలు ఎడమకు పోయేవి. నేను వెనక కుర్చీ వేసుకుని, ప్రతి బాణానికీ "వేళ్ళు సరిగా తెరువు, మెల్లగా వదులు" అంటూ ఉండేవాణ్ణి. నేను అన్నకొద్దీ వాడి వేళ్ళు మరింత బిగుసుకున్నాయి. చివరకు గురి పసుపు వలయాన్ని చేరకముందే చెయ్యి నారిని వదిలేయసాగింది.

మర్నాడు ఒంటరిగా శిక్షకుల వద్దకు వెళ్ళాను. ఆయన ఏమీ అనకుండా, సగందాకా నీళ్ళున్న బకెట్టు చూపి, మూడు వేళ్ళు కొక్కెంలా వంచి పైకెత్తమన్నారు. "ఇప్పుడు వేళ్ళు తెరవండి." తెరవబోయేసరికి చెయ్యంతా అదిరింది, బకెట్టు ఒరిగి పడింది. "మళ్ళీ ఎత్తండి. ఈసారి తెరవకండి. పట్టుకోవడం మానేయండి, అంతే." బకెట్టు నిలువుగా దిగిపోయింది. దాని బరువే వేళ్ళను పక్కకు తోసుకుంది.

నారి సంగతీ అంతేనట. అది పరుగెత్తే వేగంతో వేళ్ళు తెరవడం ఎవరి తరమూ కాదు. తెరవాలని చూస్తే అడ్డుపడటమే అవుతుంది. లాగే భారాన్ని వీపు కండరాలు మోయాలి. క్లిక్కర్ టక్కుమన్నాక కూడా వీపు లాగుతూనే ఉండాలి. అప్పుడు వేళ్ళు సడలితే, చెయ్యి తనంతట తానే మెడ పక్కగా వెనక్కి పోతుంది. అది ఫలితమే గాని, పనిగట్టుకుని చేయవలసింది కాదు.

పక్షి కన్ను తప్ప మరేమీ చూడని అర్జునుణ్ణి మెచ్చుకుంటూ పెరిగినవాళ్ళం మనం. శిక్షకులు మాత్రం ఆ కన్నునే తీసేశారు. లక్ష్యపు కాగితం లేని దిమ్మ ముందు, మూడు మీటర్ల దూరంలో, కళ్ళు మూసుకుని బాణాలు వేయాలన్నారు. తప్పడానికి గురే లేకపోతే భయమెందుకుంటుంది?

ఇంటికి వచ్చి, "నేను రానులే, నువ్వు వెళ్ళు" అన్నాను. వాడు నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. మర్నాడు వెళ్ళాడు. మూడు వారాలు నేను గేటు బయటే ఉన్నాను. బాణం దిమ్మలో దిగిన చప్పుడు మాత్రం వినిపించేది.

నాలుగో వారం దిమ్మకు మళ్ళీ కాగితం అంటించారు. వాడే వచ్చి నన్ను లోపలికి పిలిచాడు. ఆరు బాణాలు వేశాడు. అయిదింటికి చెయ్యి మెడను రాసుకుంటూ చక్కగా వెనక్కి పోయింది. ఆరోసారి పక్కకు ఎగిరింది, బాణం ఎడమకు పోయింది. వాడు అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి నావైపు చూశాడు.

మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"మంచినీళ్ళు కావాలా?" అన్నాను.