బొమ్మ చెప్పిన పాఠం

ఆదివారం ఉదయం మొజంజాహీ మార్కెట్ గడియార స్తంభం దగ్గర బస్సు దిగి, అబిడ్స్ వైపు నడవడం నాకు ముప్పై ఏళ్ళ నాటి అలవాటు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1935లో, గ్రానైటు రాతితో కట్టిన ఈ మార్కెట్టుకు ఆయన రెండవ కుమారుడైన మొజంజా పేరు పెట్టారు. ప్రాంగణంలో అమ్మే పళ్ళ ఐస్‌క్రీము కోసం దూరం నుంచి వచ్చేవారున్నారు. నా గమ్యం మాత్రం వేరు. ఆదివారం నాడు అబిడ్స్‌లో మూసి ఉన్న దుకాణాల ముందు, కాలిబాటల మీద, పట్టాలు పరచి పాత పుస్తకాలు అమ్ముతారు. పోటీ పరీక్షల గైడ్లు, నవలలు, అట్టలు చినిగిన మాసపత్రికలు కుప్పలుగా పడి ఉంటాయి. ఆ కుప్పలలో నేను వెతికేవి పిల్లల బొమ్మల పుస్తకాలు.

"మీకు ఎంతమంది పిల్లలు సార్?" అని ఒక అమ్మకందారు నన్ను అడిగాడు.

"ఏడాదికి నూటయాభై మంది" అన్నాను. నేను జూనియర్ కళాశాలలో తెలుగు బోధిస్తాను.

పదహారేళ్ళ వారికి బొమ్మల పుస్తకాలు ఎందుకని తోటి అధ్యాపకులు నవ్వుతుంటారు. ఒకప్పుడు నేనూ అలాగే నవ్వాను. ఆ నవ్వు ఖరీదు ఎంతో తరువాత తెలిసింది.

1994లో, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒకనాడు పాఠం చెబుతుండగా చివరి బల్ల మీద ఒక విద్యార్థి తల వంచుకొని తనలో తాను నవ్వుకుంటున్నాడు. దగ్గరికి వెళ్ళి చూస్తే, పాఠ్యపుస్తకం నడుమ ఒక బొమ్మల పుస్తకం ఉంది. అది మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకం. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయాక అటువంటివి రావడం ఆగిపోయింది. పాత ప్రతులు కాలిబాటల మీద దొరికేవి. "ఇంటర్మీడియట్ చదువుతూ ఎలుగుబంటి బొమ్మలు చూస్తున్నావా?" అని తరగతి అంతా వినేలా అన్నాను. అందరూ పకపక నవ్వారు. పుస్తకం తీసుకొని బీరువాలో పెట్టాను. అతడు పెదవి విప్పలేదు. మర్నాటి నుంచి తెలుగు తరగతికి రాలేదు.

రెండు వారాల తరువాత మొజంజాహీ మార్కెట్టులో, ఒక పళ్ళ దుకాణంలో, తండ్రి పక్కన కూర్చొని కనిపించాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. తరగతికి ఎందుకు రావడం లేదని అడిగాను. కొంతసేపు ఊరుకొని, మెల్లగా చెప్పాడు.

"ఆ పుస్తకం మా చెల్లెలిది సార్. రాత్రిపూట దానికి కథ చెప్పాలి. పదవ తరగతి వరకు నేను ఉర్దూ మాధ్యమంలో చదివాను. తెలుగు కూడబలుక్కొని చదవడమే నాకు కష్టం. అందుకని ముందు బొమ్మ చూసి కథ ఊహించుకుంటాను. తరువాత కింద ఉన్న వాక్యం చదివి సరిచూసుకుంటాను. ఆ రోజు నేను ఊహించినదీ, వాక్యంలో ఉన్నదీ ఒకటే అయింది. అందుకే నవ్వు వచ్చింది."

నేను చెప్పవలసిన పాఠాన్ని అతడు తనంత తాను నేర్చుకుంటున్నాడు. ఆ సంతోష క్షణంలోనే నేను అతణ్ణి నవ్వులపాలు చేశాను. మర్నాడే పుస్తకం తిరిగి ఇచ్చాను. తప్పు నాదని తరగతి ముందు ఒప్పుకోవడానికి మాత్రం మరి నాలుగు రోజులు పట్టింది. అతడు మళ్ళీ తరగతికి వచ్చాడు, పరీక్షలు రాశాడు. కాని ఆ తరువాత ఏ బొమ్మల పుస్తకాన్నీ కళాశాలకు తేలేదు. అతడు తేవడం మానిన పుస్తకాలను నేను తేవడం మొదలుపెట్టాను.

చదువుకు బొమ్మను తోడు తెచ్చుకోవడం కొత్త సంగతి కాదు. కొమీనియస్ అనే చెక్ విద్యావేత్త 1658లోనే బొమ్మలతో బాలల పాఠ్యగ్రంథాన్ని ప్రచురించాడు. మన చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డ మీద పొడవైన పటాలు గీసేవారు. కథకులు ఊరూరా వాటిని విప్పి, ఒక్కొక్క బొమ్మనే చూపుతూ కథ గానం చేసేవారు. అక్షరం రానివారూ, వచ్చినవారూ ఆ పటం ముందు ఒకే చాప మీద కూర్చున్నారు. 1947లో చక్రపాణి, నాగిరెడ్డి ప్రారంభించిన 'చందమామ'ను చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్యల బొమ్మల వల్లనే గుర్తుంచుకున్న వారెందరో!

బొమ్మ పసివారికే పరిమితం కాదు. నాజీల దురాగతాన్ని చెప్పిన ఆర్ట్ స్పీగెల్‌మన్ చిత్రనవల 'మౌస్'కు 1992లో ప్రత్యేక పులిట్జర్ పురస్కారం లభించింది. అందులో యూదులు ఎలుకలు, నాజీలు పిల్లులు. అంబేద్కర్ జీవితానుభవాలతో 2011లో ఆంగ్లంలో వెలువడిన 'భీమాయన'కు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే గోండు చిత్రకార దంపతులు బొమ్మలు గీశారు.

ఒకసారి ఆ పుస్తకాన్ని తరగతిలో విప్పి, "చదవకండి, కేవలం చూడండి" అన్నాను. బడిలో దాహం వేసిన బాలుడికి నీళ్ళు దొరకని ఘట్టం అది. ఎప్పుడూ నోరు మెదపని ఒక అమ్మాయి చెయ్యెత్తి, "సార్, ఈ మాటలున్న బుడగకు తేలు కొండి ఉంది" అన్నది. అందరూ ముందుకు వంగి చూశారు. నిజమే. మెత్తని మాటలు పిట్ట ఆకారంలో ఉన్నాయి; మనిషిని చిన్నబుచ్చే మాటలకు తేలు కొండి ఉంది; మనసులోని ఆలోచనలకు కన్ను ఉంది. చకచక చదివేవారు పట్టించుకోని దానిని, ఆగి ఆగి చదివే ఆమె అందరికంటే ముందు కనిపెట్టింది. ఆ రోజు గంట మోగిన తరువాత కూడా ఎవరూ లేవలేదు. తమను కుట్టిన మాటలను ఒక్కొక్కరే చెప్పుకున్నారు.

నేను కూడా ఒకటి చెప్పాను. "ఇంటర్మీడియట్ చదువుతూ ఎలుగుబంటి బొమ్మలు చూస్తున్నావా?" ఆ చిత్రకారులు గీసి ఉంటే ఈ వాక్యానికి కూడా తేలు కొండే పెట్టి ఉండేవారు.

మాస్కోలో అచ్చయిన పిల్లల పుస్తకాలలో కొన్నింటిని 'మంచి పుస్తకం' సంస్థ మళ్ళీ తెలుగులో అచ్చువేసింది. అయినా నేను ఆదివారాలు అబిడ్స్‌కు వెళ్తూనే ఉన్నాను. ఎలుగుబంటి బొమ్మ ఉన్న పాత పుస్తకం దొరికినప్పుడల్లా కొంటాను. తరగతి గదిలోని కిటికీ అరలో వాటిని వరుసగా పెడతాను. ఆ అరకు తాళం లేదు. పాఠం నడుమ చివరి బల్ల మీద ఎవరైనా తల వంచుకొని నవ్వితే, ఇప్పుడు నేను దగ్గరికి వెళ్ళి, "ఏ పుటలో ఉన్నావు?" అని అడుగుతాను.