రెండు శిఖరాలు, ఒక వీపు

మేమిద్దరం గోదావరి ఒడ్డు కోయగూడెం పిల్లలం. మా గూడెం నుంచి తారు రోడ్డెక్కాలంటే వాగు దాటి ఆరు కిలోమీటర్లు నడవాలి. వానాకాలంలో ఎవరికి నొప్పులొచ్చినా, జ్వరం ముదిరినా వెదురు బొంగుకు దుప్పటి కట్టి డోలీలో మోసుకుపోతాం. మీసాలు రాకముందే ఆ బొంగు భుజాన పెట్టుకున్నవాళ్లం. హిమాలయాల్లో రెండు శిఖరాలు ఎక్కడానికి పోయొచ్చిన సంగతి రాయమని ఈ సంచిక వాళ్లు అడిగారు. రాద్దామని కూర్చుంటే శిఖరాల కంటే ముందు ఆ డోలీయే గుర్తొస్తోంది.

మాకు ఈ ఆశ పుట్టింది 2014లో. ఆ ఏడాది మే 25న గురుకులం పిల్లలు ఇద్దరు, నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా దళిత బిడ్డ ఆనంద్ కుమార్, టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. మా హాస్టల్లో ఆ రోజు అందరం టీవీ ముందే ఉన్నాం. వాళ్లు మొదట తాడు పట్టింది భువనగిరి గుట్ట మీదేనని తెలిసి, కొన్నేళ్లకు మేమూ ఆ ఏకశిల దగ్గరికి పోయి ఎక్కడం నేర్చుకున్నాం. అదే ఏడాది ఏప్రిల్ 18న, అదే పర్వతానికి నేపాల్ వైపు, ఖుంబు మంచుపాతం మీద మంచు పెళ్లలు విరిగిపడి 16 మంది చనిపోయారు. అందరూ నేపాలీ పనివాళ్లే. ఎక్కువమంది షెర్పాలు. ఇతరులు ఎక్కడానికి సామాన్లు చేరవేస్తూ పోయారు. ఈ రెండో వార్త మాకు అప్పుడు తెలియనే లేదు.

మేం పోయింది ఎవరెస్ట్‌కు కాదు, ఆ దారిలోనే ఉన్న లొబుచే ఈస్ట్‌కు, ఐలాండ్ పీక్‌కు. రెండూ 6,100 మీటర్లకు కాస్త పైన. గైడ్లను పెట్టి తీసుకుపోయే కంపెనీలు ఈ రెండింటినీ కలిపి ఒకే యాత్రగా అమ్ముతాయి. డబ్బున్నవాళ్లకు ఎవరెస్ట్, లోత్సేలను కూడా ఇలాగే జత కడతారు. ఆ రెండింటికీ మూడో క్యాంపు దాకా దారి ఒకటే.

జత కట్టడానికి కారణం ఉంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. దానికి అలవాటు పడడానికి ఒంటికి రోజులు కావాలి. రోజూ కొంచెం ఎక్కి, నడుమ ఒక రోజు ఆగి పోతే నెత్తురు మెల్లగా సర్దుకుంటుంది. ఒక శిఖరం కోసం అలవాటైన ఒళ్లు రెండోదానికీ పనికొస్తుంది. విమానం ఖర్చు ఒకటే, నడిచే దారి ఒకటే. అనుమతి పత్రం మాత్రం దేనికది. లెక్క బాగానే ఉంది. మాస్టార్లు కొంత, దాతలు కొంత ఇచ్చారు. మిగిలింది అప్పు చేశాం. అంత అప్పు చేసి ఒక శిఖరంతో తిరిగొస్తే గూడెంలో ఏం చెప్పాలి అన్న బరువు ఖాట్మండులో దిగకముందే నెత్తికెక్కింది.

లుక్లా నుంచి నడక. నాంచే బజార్ 3,440 మీటర్లు, డింగ్‌బోచే 4,410, లొబుచే 4,900 దాటి. మా ఇద్దరి సంచులూ కలిపి 30 కిలోలు. అవి ఒక్కాయన వీపు మీద. నడి వయసు మనిషి. ఒక పట్టీ నుదుటికి వేసుకుని, బరువంతా మెడ మీద ఆనించి, చేతిలో పొట్టి ఊతకర్రతో మాకంటే ముందే బస చేరేవాడు. ఆ పట్టీని నాంలో అంటారు. మా కావడి భుజం మీద, వాళ్ల బరువు నుదుటి మీద. అంతే తేడా. మొదటి రోజే సంచి మేమే మోస్తామని అడిగాం. నవ్వి వద్దన్నాడు. ఆ కూలి పోతే ఆయనకేం మిగులుతుందో మాకు తర్వాత తెలిసింది.

మేం ఆయన్ని షెర్పా అని పిలిచేవాళ్లం. మూడో రోజు గైడు సరిదిద్దాడు. ఆయన రాయి తెగవాడు. షెర్పా అంటే కూలి కాదు, అది ఒక జాతి పేరు. తూర్పు నుంచి వచ్చినవాళ్లని దాని అర్థం. 1953లో హిల్లరీతో ఎవరెస్ట్ ఎక్కిన టెన్జింగ్‌దీ, 2025 మే నాటికి 31 సార్లు ఎక్కిన కామి రీతాదీ ఆ జాతే. లోకం వాళ్ల పేరు తీసి బరువు మోసే పనికి పెట్టేసింది. మాకు సిగ్గేసింది. ఎందుకంటే మా పేరుకూ అదే జరిగింది. మమ్మల్ని మేం కోయితోర్ అనుకుంటాం. సినిమాల్లో మాత్రం కోయదొర అంటే ఈకలు కట్టుకుని సోది చెప్పేవాడు, వేర్లు అమ్మేవాడు. కాలేజీలో మా ఊరడిగి, వెంటనే చెయ్యి చాపి జోస్యం చెప్పమన్నవాళ్లు ఎంతమందో! ఆ నొప్పి తెలిసిన మేమే ఇంకొకరికి అదే చేశాం.

కొండల పేర్లూ అంతే. చొమొలుంగ్మా అని జనం పిలుచుకునే కొండకు 1865లో ఎవరెస్ట్ దొర పేరు పెట్టారు. ఆ దొర సర్వే పనిలో కుర్రతనంలో తిరిగింది మన వైపే, నిజాం రాజ్యంలో కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో. అక్కడి జ్వరం పట్టుకుని, కోలుకోవడానికి 1820లో ఆఫ్రికా దక్షిణ కొసకు పోయాడు. ఐలాండ్ పీక్ కూడా బ్రిటిష్ వాళ్లు పెట్టిన పేరే. మంచు సముద్రంలో దీవిలా కనిపించిందట. 1983లో ఇంజా త్సే అని మార్చారు. కంపెనీలు ఇప్పటికీ పాత పేరుతోనే అమ్ముతున్నాయి.

లొబుచే ఎక్కేముందు రాళ్లు పేర్చి, జునిపర్ ఆకు పొగ వేసి పూజ చేశారు. ఇనుప పళ్ల బూట్లతో దేవతను తొక్కబోతున్నాం, తప్పు కాయమని అడగడమట. మాకు అర్థం చెప్పనక్కర్లేకపోయింది. పండుగ చేసి దేవతకు పెట్టనిదే కొత్త చిక్కుడుకాయ కూడా తినని ఇళ్లు మావి. నడిరేయి బయలుదేరి, తాడుకు జుమార్ తగిలించి, తెల్లారేసరికి ఇద్దరం లొబుచే మీద ఉన్నాం. ఎదురుగా ఎవరెస్ట్ నల్లగా, దాని పక్కన లోత్సే. ఏడ్చాం. అది దాచుకోవాల్సిన విషయం కాదు.

దాచింది ఇంకొకటి. దిగేటప్పుడే మాలో ఒకరికి తలనొప్పి మొదలైంది. ఛుకుంగ్ చేరేసరికి పొడిదగ్గు. గైడు రోజూ అడిగేవాడు, ఎలా ఉందని. బాగుంది అని ఇద్దరం కలిసి చెప్పాం. చెబితే రెండో శిఖరం పోతుంది. ఒక్కటే కొండకు వచ్చి ఉంటే అప్పుడే దిగిపోయేవాళ్లం. రెండోది ఇంకా మిగిలుండడమే మా చేత అబద్ధం ఆడించింది. గైడు తప్పేమీ లేదు.

ఐలాండ్ పీక్ బేస్ క్యాంపు 5,100 మీటర్ల దగ్గర. ఆ సాయంత్రం మాలో ఒకరం పడుకుంటే ఊపిరి అందడం లేదు. ఛాతీలో బుడబుడ చప్పుడు. వేలికి పెట్టే మిషన్ 62 చూపింది. అక్కడ మామూలుగా 80 దాకా ఉండాలి. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని గైడు చెప్పాడు. దానికి అసలు మందు కిందికి దిగడమే. చీకట్లో హెలికాప్టర్ రాదు. మా సంచులు మోసినాయన తన వెదురు బుట్టకు ఒక పక్క కోసి, లోపల పరుపు ముక్క వేశాడు. మాలో ఒకర్ని అందులో కూర్చోబెట్టి, నాంలో నుదుటికి వేసుకుని లేచాడు. ఇంకో గైడు లైటు పట్టుకుని ముందు నడిచాడు.

మాలో రెండోవాళ్లం వెంట దిగలేదు. నడిరేయి దాటాక మిగతా జట్టుతో పైకి పోయాం. మంచు పగుళ్ల మీద నిచ్చెనలు దాటాం, నిట్టనిలువు గోడ తాడు పట్టుకుని ఎక్కాం. శిఖరం మీద జెండా పట్టుకుని ఫొటో కూడా దిగాం. అదే రాత్రి ఒకరం బుట్టలో కిందికి, ఒకరం తాడు మీద పైకి. ఎవరు ఎవరన్నది రాయం. ఆ అబద్ధం ఇద్దరిదీ, ఆ ఫొటో కూడా ఇద్దరిదీ.

బుట్టలో కూర్చున్నవాళ్లకు గుర్తున్నది ఆ మనిషి ఊపిరి. మూడు గంటలు. ప్రతి కొద్ది అడుగులకూ ఆగి, ఊతకర్ర మీద బరువు ఆనించి, మళ్లీ కదిలేవాడు. మా డోలీకి ఇద్దరుంటాం, అలిసిపోతే భుజం మారుస్తాం. ఆయనకు మార్చుకోను ఎవరూ లేరు. ఛుకుంగ్‌లో దింపి, ఒక గ్లాసు వేడినీళ్లు తాగి, టెంట్లు మోయాల్సిన పని ఉందని ఆ చీకట్లోనే తిరిగి పైకి పోయాడు. మర్నాడు ఫెరిచే ఆసుపత్రిలో మనిషి తేరుకున్నాక ఆయన పేరు అడిగి తెలుసుకున్నాం. అన్ని రోజులూ దాయి అన్నామే గాని, అంటే అన్న అని, పేరు అడగలేదు. ఆయన్ని అడగకుండా అచ్చులో పెట్టకూడదని ఇక్కడా రాయడం లేదు.

ఇంటికొచ్చాం. మండల కేంద్రంలో శాలువాలు కప్పారు. శిఖరాలను జయించిన అడవి బిడ్డలు అని ఫ్లెక్సీ కట్టారు. మైకు ఇచ్చినప్పుడు, మాలో ఒకరు ఒక శిఖరమే ఎక్కారని, రెండోదాని దగ్గర డోలీలో దిగారని చెప్పాం. చప్పట్లు కాస్త తగ్గాయి. గూడెంలో మా అవ్వకు అదే కథ కోయలో చెప్పాం. ఎత్తు గురించి ఆమె అడగలేదు. మా దగ్గర డోలీ మోసి వచ్చినవాళ్లకు ముందు అన్నం పెడతారు, తర్వాతే ఏ మాటైనా. అందుకే ఆమె ఒక్కటే అడిగింది.

"మోసినాయన అన్నం తిన్నాడా అయ్యా?"

మాకు తెలియదు. ఆ రాత్రి ఒకరం మూసిన కళ్లు తెరవలేదు, ఒకరం పైకి చూస్తూ నడుస్తున్నాం.

ఇప్పుడు మా గుట్ట మీద చిన్న పిల్లలకు తాడు కట్టడం నేర్పుతున్నాం. ఒకే యాత్రలో రెండు ఎక్కాలని వాళ్లకూ ఆశే. వద్దనం. తలనొప్పి వస్తే చెప్పాలి, సంచి ఎత్తుకున్న మనిషిని మొదటి రోజే పేరు అడగాలి, బస చేరాక ఆయన తిన్నాడో లేదో చూసి తినాలి అని ముడుల కంటే ముందు చెబుతున్నాం. వానలు మొదలయ్యాయి. వాగు పొంగింది. డోలీ బొంగు కిందటి వారమే మార్చాం.