పుట్టింటి వాకిట

అన్యాయాన్ని చూచి ఒంటరిగా బాధపడడం ఒకటి; ఆ బాధతో పదిమందిలోకి వచ్చి నిలబడడం మరొకటి. రెంటికీ నడుమ ఉన్నది గడప మాత్రమే. కాని దానిని దాటడానికి కొందరికి జీవితకాలం చాలదు. 1974 మార్చి 26వ తేదీన రైణీ గ్రామపు స్త్రీలు ఒక్క పూటలో దాటినారు.

రైణీ హిమాలయాలలో, చమోలీ జిల్లాలో, ఋషిగంగ ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఆ ఊరి అడవిలో రెండువేలకు పైగా చెట్లను ప్రభుత్వం గుత్తకిచ్చినది. 1970లో అలకనందకు వచ్చిన వరదను అక్కడివారు మరువలేదు. కొండమీద చెట్టు పోతే క్రింద ఊరు నిలువదని ఆ వరద వారికి నేర్పినది. 1973లో మండల్ గ్రామస్థులు, చండీప్రసాద్ భట్ మొదలైన సర్వోదయ కార్యకర్తలతో కలిసి, చెట్లు నరకవచ్చిన వారిని మరలించి ఉన్నారు. చెట్టును కౌగిలించుకొనియైనా కాపాడుకోవాలన్న సంకల్పం నుండి ఆ ఉద్యమానికి 'చిప్కో' అనే పేరు వచ్చినది. 'హత్తుకొని ఉండండి' అని ఆ హిందీ మాటకు అర్థం.

ఆనాడు రైణీలో మగవారు లేరు. సైన్యం కోసం తీసుకొన్న భూములకు పరిహారం ఇస్తామని కబురు రాగా చమోలీ వెళ్లినారు. అదే అదనుగా కూలీలు గొడ్డళ్లతో అడవిదారి పట్టినారు. ఒక బాలిక చూచి, మహిళా మంగళ దళానికి అధ్యక్షురాలైన గౌరాదేవికి చెప్పినది. చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకొని కష్టాలతో బ్రతికిన మనిషి ఆమె. ఆమె వెంట ఇరువదియేడుగురు స్త్రీలు, బాలికలు బయలుదేరినారు.

వారికి భయం లేదనుకోవడం పొరపాటు. మగవారి అనుమతి లేకుండా పరాయి మగవారికి అడ్డు నిలువడమంటే ఆ కొండపల్లెలో సామాన్యమైన సంగతి కాదు. ఎదుటివారిలో ఒకడు తుపాకి కూడా చూపినాడు. అప్పుడు భయం తొలగిపోలేదు. పదిమందికీ పంపకమై, ఒక్కొక్కరు మోయగలిగినంత అయినది. ధైర్యమనేది ఎవరూ ఇంటినుండి మూటగట్టుకొని తీసుకురారు. ప్రక్కన మరొకరి భుజం తగిలినప్పుడు అది పుడుతుంది.

గౌరాదేవి ఆ కూలీలను శత్రువులుగా చూడలేదు. అన్నలారా అని పిలిచి, ఈ అడవి మా పుట్టిల్లని చెప్పినది. ఆ మాట విలువ తెలుగు ఆడపడుచులకు వేరుగా చెప్పనక్కరలేదు. అత్తవారింట నోరు మెదపని కోడలు కూడా పుట్టింటి వాకిట గొంతెత్తి మాట్లాడగలదు. అడవి పుట్టిల్లైతే గొడ్డలి పట్టినవాడు తోబుట్టువే. కడుపు కోసం వచ్చిన తోబుట్టువు. అందువల్ల ఆ ఎదిరింపులో పట్టుదల ఉన్నది గాని ద్వేషం లేదు. కూలీలు వెనుదిరిగినారు. స్త్రీలు ఆ రాత్రంతా అడవిని కాచినారు.

తరువాత ప్రభుత్వం సంఘాన్ని నియమించినది. దాని నివేదికపై ఆ ప్రాంతంలో పదేండ్లపాటు చెట్ల నరుకుడు నిషేధమైనది. గౌరాదేవి 1991లో కన్నుమూసినది. 2021 ఫిబ్రవరి 7వ తేదీన మంచుతో కూడిన కొండచరియ విరిగిపడి, ఋషిగంగ పొంగి, రైణీ దగ్గరి జలవిద్యుత్ కేంద్రాన్ని ఊడ్చుకొనిపోయినది. ఎందరో కూలీలు మరణించినారు.

పుట్టింటిని ఒక్కనాడు కాచితే చాలదు. ఒకతరం దాటిన గడపను తరువాతి తరం మరల తానే దాటవలసి ఉంటుంది.