జమ్మలమడుగు నుంచి మాడిసన్ మఠం దాకా

జమ్మలమడుగు పేరు చెప్పగానే పైవూళ్ళ వాళ్ళకు గండికోట గుర్తుకొస్తుంది. ఎర్రని బండలను నిలువునా చీల్చుకొని పెన్న పారే ఆ లోయను చూడడానికి యెక్కడెక్కడి నుంచో వస్తారు. ఊళ్ళో వాళ్ళకు మాత్రం ముందు గుర్తుకొచ్చేవి నారాపుర వేంకటేశ్వరస్వామి గుడీ, క్యాంబెల్ ఆసుపత్రీను. పందొమ్మిదో శతాబ్ది చివర యిక్కడికి వచ్చిన క్యాంబెల్ దొర లండన్ మిషను డాక్టరు. ఆయన పేరే ఆసుపత్రికి నిలిచిపోయింది.

కడప జిల్లాలో క్రైస్తవ సంఘాలు యేర్పడిన తీరు ఒక చిత్రమైన కథ. 1820ల నుంచి కడప వైపు పనిచేసింది లండన్ మిషను. ఉత్తరాన ముత్యాలపాడు, నంద్యాల వైపు పనిచేసింది ఇంగ్లండు దేశపు ఆంగ్లికను మిషను. అటువాళ్ళకు బిషప్పు కావాలి, అచ్చుపుస్తకం ప్రకారం ఆరాధన జరగాలి. ఇటువాళ్ళకు బిషప్పు లేడు, సంఘమే పెద్ద. తెలుగు పల్లెలోని తాతకు యీ తేడాలతో యేం పని? తన పల్లెకు ముందు యే దొర గుర్రం వచ్చిందో, ఆ దొర మతశాఖే అతని శాఖ అయింది! అక్కను ఒక వూరికీ, చెల్లెలిని పక్క తాలూకాకూ యిస్తే, ఇద్దరూ రెండు సంఘాల వాళ్ళయిపోయేవారు.

ఈ గోడలు పడగొట్టాలని మనవాళ్ళు చాలాకాలం తంటాలు పడ్డారు. 1908లో కొన్ని శాఖలు కలిశాయి. 1947 సెప్టెంబరు 27న, స్వాతంత్ర్యం వచ్చిన ఆరువారాలకు, మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రలులో దక్షిణ ఇండియా సంఘం పుట్టింది. ఆంగ్లికనులు, మెథడిస్టులు, కాంగ్రిగేషనలిస్టులు, ప్రెస్బిటేరియనులు ఒకే సంఘమయ్యారు. ఆనాడు ప్రపంచమంతా దీన్ని వింతగా చూసింది. జమ్మలమడుగు వాళ్ళు అందులో చేరారు. పక్కనే వున్న నంద్యాల ఆంగ్లికనులు మాత్రం చేరలేదు. వాళ్ళు వచ్చి కలవడానికి 1975 దాకా పట్టింది. అంటే ఇరవై యెనిమిదేళ్ళు!

ఇంత చేసీ కలిసింది పేర్లు. పల్లెల్లో మాలలకు ఒక గుడి, మాదిగలకు ఒక గుడి అన్న మాట చాలాచోట్ల అట్లాగే వుండిపోయింది. కాగితం మీద సంతకాలు కలపడం వేరు, ఒక కప్పు కింద పొద్దున లేచి, ఒక కుండలో వండుకొని, ఒక పంక్తిలో తినడం వేరు.

ఆ రెండో పనికి పూనుకున్న స్త్రీలు కొందరు వున్నారు. వాళ్ళ మఠం అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలో వుంది. మాడిసన్ నగరం సరస్సుల నగరం. వాటిలో పెద్దది మెండోటా. చలికాలంలో దాని నీరు గడ్డకట్టి, మనుషులు దాని మీద నడిచి వెళతారు. ఆ సరస్సుకు వాయవ్యాన, మిడిల్‌టన్ అనే వూరి దగ్గర, గడ్డిభూముల నడుమ మిట్టమీద కనిపిస్తుంది హోలీ విజ్‌డమ్ మఠం. పవిత్రజ్ఞాన మఠం అనుకోండి. పెద్ద గోపురాలు లేవు, బంగారు పూత లేదు. ప్రార్థనశాల కిటికీలలోంచి చూస్తే బయట గడ్డీ ఆకాశమూ కనిపిస్తాయి. లోపల వున్న అక్కలు నల్లని అంగీలు, తలముసుగులు వేసుకోరు. సామాన్యమైన దుస్తుల్లోనే వుంటారు. కొత్తగా వెళ్ళినవారికి అతిథి యెవరో, సన్యాసిని యెవరో పోల్చుకోవడం కష్టం.

వీరు బెనెడిక్టు సంప్రదాయం వారు. బెనెడిక్టు ఆరో శతాబ్దంలో ఇటలీలో జీవించిన సాధువు. ఆయన సోదరి స్కొలాస్టికా కూడా అదే మార్గంలో నడిచింది. మఠవాసులు యెట్లా బతకాలో ఆయన 73 అధ్యాయాల చిన్న పుస్తకం రాశాడు. దానిలో దేవదూతలను గూర్చి తక్కువ, వంటిల్లును గూర్చి యెక్కువ అంటే అతిశయోక్తి కాదు. భోజనానికి యెన్ని వండాలి, వడ్డన వంతులు వారం వారం యెట్లా మారాలి, తినేటప్పుడు పుస్తకం యెవరు చదవాలి, తలుపు దగ్గర యెవరు కూర్చోవాలి అన్నీ వున్నాయి. 53వ అధ్యాయం పూర్తిగా అతిథుల గురించే. వచ్చినవాడిని క్రీస్తుగా భావించి ఆదరించాలంటాడు. అతిథిని దేవుడనుకొనే మన యిళ్ళల్లో దీనికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. మఠంలోని పారకత్తులనూ, పాత్రలనూ కూడా గుడి పాత్రలంత పవిత్రంగా చూసుకోవాలన్న మాట మరొకటుంది. ప్రొద్దుటూరు బజారులో తక్కెడలకు పసుపు కుంకుమలు పెట్టి ఆయుధపూజ చేసేది యేడాదికొక్కనాడు. వీరికి ప్రతిదినమూ ఆయుధపూజే.

వారి దినచర్య పొద్దునా, మధ్యాహ్నమూ, సాయంత్రమూ జరిగే ప్రార్థనల చుట్టూ తిరుగుతుంది. బైబిలులోని కీర్తనలు చదువుతారు. జమ్మలమడుగు చర్చిలో ముసలమ్మలు నోటికి అప్పజెప్పే ఆ 150 కీర్తనలే. ఒక పాదం ఒక వైపువారు, మరో పాదం యెదుటివారు అందుకుంటారు. నడుమ నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం కొత్తవారికి మొదట యిబ్బందిగా వుంటుంది. మన భజనల్లో తాళం ఆగితే యెవరో ఒకరు దగ్గుతారు గదా! ప్రార్థనల మధ్య పని: తోట, వంట, లెక్కలు, అతిథుల పక్కలు, ఉత్తరాలు.

పని అనగానే వారి నేల గురించి చెప్పాలి. ఆ ప్రాంతమంతా ఒకప్పుడు ఆళ్ళయెత్తు గడ్డితో నిండిన మైదానం. తర్వాత దున్ని మొక్కజొన్న వేశారు. అక్కలు ఆ పొలాలను మళ్ళీ గడ్డిమైదానంగా మార్చడానికి పూనుకున్నారు. చుట్టుపక్కల వూళ్ళ వాళ్ళు వచ్చి, ఆకురాలు కాలంలో గింజలు యేరి, ఆరబెట్టి, చల్లుతారు. పరాయి కలుపు పీకుతారు. అదను చూసి గడ్డికి నిప్పు పెడతారు. అడుగు వేళ్ళు బతికే వుంటాయి గనుక కొత్త చిగురు మరింత బలంగా వస్తుంది. మంచుయుగం వదలిపోయిన చిన్న సరస్సు ఒకటి ఆ నేలలో వుంది. పొలాల మట్టి కొట్టుకొచ్చి అది పూడిపోతే, 1990లలో పూడిక తీయించారు. కడప జిల్లా వాళ్ళకు పూడికతీత అంటే యేమిటో చెప్పాలా? 1369 నాటి పోరుమామిళ్ళ చెరువు శాసనంలోనే మంచి చెరువుకు వుండవలసిన పన్నెండు అంగాలను చెక్కించి పెట్టారు మనవాళ్ళు. చెరువు తవ్వించడం పుణ్యమని మనం నమ్మాం. పూడిక తీయించడం కూడా ప్రార్థనే అని వారు నమ్మారు.

ఇక అసలు సంగతి. ఈ అక్కలు 1953లో అయోవా రాష్ట్రం నుంచి మాడిసన్‌కు వచ్చిన కాథలిక్కు సన్యాసినులు. మొదట ఆడపిల్లల హైస్కూలు నడిపారు. 1966లో అది మూతపడింది. అప్పటికే రోములో రెండో వాటికన్ మహాసభ జరిగి, తక్కిన క్రైస్తవ శాఖలను తోబుట్టువులుగా చూడాలన్న గాలి వీచింది. బడి భవనాన్ని అక్కలు అన్ని శాఖలవారికీ ధ్యానకేంద్రంగా తెరిచారు. కలిసి ప్రార్థించడానికి అందరూ వచ్చారు. అట్లా వచ్చినవారిలో కొందరు స్త్రీలు చివరికి అడిగారు: ప్రార్థనకు రానిచ్చారు, భోజనానికి కూర్చోబెట్టారు, మీలో ఒకరిగా వుండిపోనిస్తారా?

చిక్కు అక్కడే వచ్చింది. కాథలిక్కు చట్టం ప్రకారం కాథలిక్కు మఠంలో ప్రొటెస్టెంటు స్త్రీ పూర్తి సభ్యురాలు కాలేదు. ఆమెను ఇంటి మనిషిని చేసుకోవాలంటే మఠమే ఆ చట్టం నీడలోంచి బయటికి రావాలి. నలభై, యాభై యేళ్ళ కిందట చేసిన ప్రమాణాలవి. ఆ గుర్తింపు తమ బతుకంతా తొడుక్కున్న ఉంగరం వంటిది. ఏళ్ళ తరబడి ఆలోచించారు. ప్రెస్బిటేరియను పాదిరి అయిన ఒక మహిళ 2000 ప్రాంతంలో వారితో చేరింది. చివరకు 2006లో రోము అనుమతితో పాత ప్రమాణాల నుంచి విడుదల పొంది, అదే జీవితాన్ని సర్వశాఖల క్రైస్తవ స్త్రీల మఠంగా కొనసాగించారు. బెనెడిక్టు నియమం మారలేదు. గంట మారలేదు. బల్ల దగ్గర కుర్చీలు మాత్రం కొత్తవారికీ దక్కాయి.

2009లో పాత పెద్ద భవనాన్ని విప్పి, చిన్న కొత్త భవనం కట్టుకున్నారు. విప్పిన సామానంతా దాదాపు పూర్తిగా తిరిగి వాడకంలోకి వచ్చింది. పాతయింటి దూలాలూ తలుపులూ పారవేయడం యెరుగని మన పెద్దలు ఇది చూస్తే మెచ్చుకొని వుండేవారు.

వీరు యెప్పుడూ గుప్పెడు మందే. కాని వారి చుట్టూ, పెళ్ళాం పిల్లలతో, ఉద్యోగాలతో వుంటూనే ఆ నియమాన్ని తమ ఇళ్ళల్లో పాటిస్తామని మాట యిచ్చిన స్త్రీపురుషులు వందలమంది యేర్పడ్డారు. మఠం చిన్నది, నీడ పెద్దది.

మతాలు దగ్గరయ్యే విద్య కడప జిల్లాకు కొత్త కాదు. ఉగాదినాడు దేవుని కడప వేంకటేశ్వరుని గుడికి ముస్లిములు వస్తారు. బీబీ నాంచారమ్మ మా ఆడబిడ్డ, ఆమెను చేసుకున్న స్వామి మా అల్లుడు అంటారు. పెద్ద దర్గాలో హిందువులు మొక్కుకుంటారు. అయితే అల్లుణ్ణి పండగనాడు చూసిరావడం సులువు. ఏడాదంతా ఒక ఇంట్లో కాపురముండడమే కష్టం. వంటింటి వంతు యెవరిది, కీర్తన యే రాగంలో యెత్తుకోవాలి, ముసలితనంలో యెవరిని యెవరు చూస్తారు అన్నవి అక్కడ రోజూ తేల్చుకోవాలి. బెనెడిక్టు దీనికీ ఒక ఉపాయం రాశాడు: ముఖ్యమైన సంగతి వచ్చినప్పుడు మఠాధిపతి అందరినీ పిలిచి అడగాలి, అందరికంటే చిన్నవారి మాట కూడా వినాలి.

పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ఇళ్ళల్లో పెద్దలు యీ ఒక్క అధ్యాయాన్ని పాటించి చూస్తే చాలు. సన్యాసం పుచ్చుకోనక్కరలేదు. పొలం అమ్మే ముందు, పిల్లకు సంబంధం ఖాయం చేసే ముందు, ఇంట్లో చిన్నదాన్ని పిలిచి, "నువ్వేమంటావమ్మా?" అని అడిగితే, ఆ పూటకు మన ఇల్లూ ఒక మఠమే.